ఓడిపోయిన నలుగురి పేర్లు



1951వ సంవత్సరం, మార్చి 29. న్యూయార్క్ నగరంలో లా జాంబ్రా అనే రెస్టారెంటు. రాత్రి బాగా పొద్దుపోయింది. లోపల నాటకాల వాళ్లూ సినిమా వాళ్లూ ఒకచోట చేరి కూర్చున్నారు. అందరి చెవులూ రేడియో మీదే ఉన్నాయి. దేశానికి ఆ చివర, హాలీవుడ్‌లోని పాంటేజెస్ థియేటర్లో ఆస్కార్ అవార్డుల సభ జరుగుతోంది. ఆ సభను టెలివిజన్‌లో చూపించడం 1953లో మొదలైంది. అప్పటిదాకా ఎవరు గెలిచారో వెంటనే తెలియాలంటే ఇదిగో, ఇప్పుడు మీరూ నేనూ మాట్లాడుకుంటున్న ఈ రేడియోయే దిక్కు.

ఆ విందు ఇచ్చింది హోసే ఫెరర్ అనే నటుడు. ఆ రాత్రే ఉత్తమ నటుడిగా ఆయన గెలిచాడు. ఆయన పక్కన ఇద్దరు నటీమణులున్నారు. ఒకామె గ్లోరియా స్వాన్సన్. రెండు రోజుల కిందటే 52 ఏళ్లు నిండాయి. మూకీల కాలంలో అమెరికాలో ఆమె పేరు తెలియని ఇల్లు లేదు. రెండో ఆమె జూడీ హాలిడే. వయసు 29. ఇద్దరూ ఉత్తమ నటి అవార్డుకు పోటీలో ఉన్నారు. ఇద్దరూ ఒకే రేడియో వింటున్నారు. ఒకరికి రావాలంటే రెండో వారికి రాకూడదు. ఆ కాసేపు వాళ్లిద్దరి గుండెలు ఎలా కొట్టుకున్నాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఉద్వేగంగానే ఉంటుంది.

పేరు వచ్చింది. జూడీ హాలిడే.

ఈ ఒక్క పోటీ గురించి చెప్పుకుంటే చాలు, ఉత్తమ నటి అవార్డుల సంగతి మొత్తం అర్థమవుతుందని నా నమ్మకం. అందుకే అక్కణ్ణించి మొదలుపెట్టాను.

ఆ ఏడాది బరిలో ఉన్నది ఐదుగురు. 'సన్‌సెట్ బూలెవార్డ్' సినిమాకి గ్లోరియా స్వాన్సన్, 'బోర్న్ ఎస్టర్‌డే'కి జూడీ హాలిడే, 'ఆల్ అబౌట్ ఈవ్'కి బెటీ డేవిస్, అదే సినిమాకి ఆన్ బాక్స్‌టర్, 'కేజ్డ్' అనే సినిమాకి ఎలినార్ పార్కర్. ఎలినార్ పార్కర్ పేరు చెప్తే మనవాళ్లు చాలామంది గుర్తుపట్టరు. కానీ 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' చూసినవాళ్లకు కెప్టెన్‌ను పెళ్లి చేసుకోవాలనుకునే ఆ హుందా అయిన సంపన్నురాలు గుర్తుండే ఉంటుంది. ఆమే ఈమె. 'కేజ్డ్'లో ఏమీ తెలియని పందొమ్మిదేళ్ల పిల్లగా జైల్లో అడుగుపెట్టి, అక్కడి మనుషుల చేతుల్లో నలిగి, రాయిలా మారి బయటికొస్తుంది. మొదటి సీన్లో ముఖాన్నీ చివరి సీన్లో ముఖాన్నీ పక్కపక్కన పెడితే ఇద్దరు వేరు వేరు మనుషులనిపిస్తుంది. మరో ఏడాది అయితే ఆ సినిమాకే ఆమెకు అవార్డు వచ్చి ఉండేదేమో.

స్వాన్సన్ సంగతి ఇంకా లోతైంది. 'సన్‌సెట్ బూలెవార్డ్'లో ఆమె వేసింది నార్మా డెస్మండ్ పాత్ర. టాకీలు రావడంతో లోకం మరిచిపోయిన మూకీల తార. పాడుబడిన బంగళాలో తన పాత సినిమాలు తనే వేసుకుని చూసుకుంటూ, మళ్లీ కెమెరా ముందుకు పోతానని కలలు కంటూ ఉంటుంది. చివరి దృశ్యం చూడండి. ఆమె చేతిలో ఒక హత్య జరిగింది. పోలీసులొచ్చారు, న్యూస్‌రీల్ కెమెరాలొచ్చాయి. మతి తప్పిన నార్మాకి అది షూటింగ్ అనిపిస్తుంది. మెట్ల మీద నుంచి కిందికి దిగుతుంది. ఒక్కో మెట్టుకీ చేయి ఒక్కో తీరుగా పాములా కదులుతుంది. కళ్లు మాత్రం ఎదుట ఉన్నవాళ్లెవరినీ చూడవు. వాళ్ల వెనకెక్కడో ఉన్న తన ప్రేక్షకుల్ని చూస్తుంటాయి. ఆ పాత్రలో ఎంత నార్మా, ఎంత స్వాన్సన్ అని విడదీయడం కష్టం. మూకీల్లో ఎలా నటించేవారో ఆ పద్ధతి మొత్తాన్ని ఒళ్లంతా నింపుకుని, అదే పద్ధతిని ఒక పిచ్చిదాని లక్షణంగా చూపించింది. తన యవ్వనంలోని కళనే ఇలా గాయంగా చేసి చూపించడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

బెటీ డేవిస్ వేసింది మార్గో చానింగ్. నాటకరంగంలో పెద్ద తార. నలభై నిండాయి, మొన్నటిదాకా వేసిన పడుచు పాత్రలు ఇంక ఎన్నాళ్లు వస్తాయన్న దిగులు. అసలు ఆ పాత్ర మొదట క్లాడెట్ కోల్‌బర్ట్‌కి ఇచ్చారు. ఆమె నడుముకి దెబ్బ తగలడంతో డేవిస్ దగ్గరికి వచ్చింది. డేవిస్‌కి అప్పటికే రెండు ఆస్కార్లున్నాయి, 42 ఏళ్లు వచ్చాయి. పాత్రకీ మనిషికీ మధ్య దూరం అంతే. ఆ సినిమాలో ఆమె గొంతు బొంగురుగా ఉంటుంది. పోగొట్టుకోబోతున్నదాన్ని పళ్ల బిగువున పట్టుకున్న మనిషి గొంతది.

ఆ సినిమాలోనే ఆన్ బాక్స్‌టర్ ఈవ్ పాత్ర వేసింది. వినయంగా, అభిమానినంటూ మార్గో ఇంట్లో చేరి, ఆమె సేవలు చేస్తూ, మెల్లగా ఆమె స్థానమే కాజేసే పిల్ల. సినిమా మొదలయ్యేదే ఒక అవార్డు ప్రదాన సభతో. ఈవ్ బహుమతి అందుకుంటుంటే, మార్గో బల్ల దగ్గర కూర్చుని చూస్తుంటుంది. అందులోని సారా సిడన్స్ అవార్డు కథకుడు ఊహించింది. అయితే 1952లో చికాగోలో ఆ పేరుతోనే నిజంగా ఒక సొసైటీ పెట్టి నటీమణులకు అవార్డులివ్వడం మొదలుపెట్టారు.

ఇక్కడే అసలు విచిత్రం ఉంది. బాక్స్‌టర్‌ని సహాయ నటి విభాగంలో పోటీకి పెట్టాలని స్టూడియో అనుకుంది. సహాయ నటిగా ఆమెకు అంతకుముందే 'ద రేజర్స్ ఎడ్జ్' సినిమాకి ఒక ఆస్కార్ వచ్చింది. ఈసారి నాయిక విభాగంలోనే ఉంటానని పట్టుబట్టింది. తెర మీద ఈవ్ చేసిన పనే తెర వెనక ఆమె చేసిందని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. నాకా మాట నచ్చదు. సినిమా పేరే ఈవ్ పేరు. ఆమె కథే నడుస్తుంది. తన పాత్ర ప్రధాన పాత్ర అని ఒక నటి అనుకోవడంలో దురాశ ఏముంది? మగవాడు అదే అడిగితే ఆత్మవిశ్వాసం అంటాం కదా. ఇంకో సంగతి. ఇరవై ఏళ్లు గడిచాక ఆ సినిమా కథే 'అప్లాజ్' అనే సంగీత నాటకంగా బ్రాడ్‌వే మీద ఆడుతుంటే, లోరెన్ బకాల్ తప్పుకున్నాక మార్గో పాత్రలోకి వచ్చింది ఎవరో తెలుసా? ఆన్ బాక్స్‌టర్. కాలం ఈవ్‌ని మార్గో చేసింది.

ఇప్పుడు ఓట్ల సంగతి. ఉత్తమ నటి ఎన్నికలో ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్లదే గెలుపు. సగం దాటాలన్న నియమం లేదు. ఐదుగురు పోటీలో ఉంటే నూటికి పాతిక ఓట్లతో కూడా గెలవచ్చు. మన అసెంబ్లీ ఎన్నికలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒకే ఊరి నుంచి, ఒకే వర్గం నుంచి ఇద్దరు నిలబడితే ఏమవుతుంది? ఓట్లు చీలతాయి, మూడో మనిషి గట్టెక్కుతాడు. 'ఆల్ అబౌట్ ఈవ్'కి ఆ ఏడు 14 నామినేషన్లు వచ్చాయి. అంతకుముందు ఏ సినిమాకీ అన్ని రాలేదు. అందులో నటించినందుకు నలుగురు ఆడవాళ్లు పోటీలోకి వెళ్లారు. ఇద్దరు నాయిక విభాగంలో, ఇద్దరు సహాయ నటి విభాగంలో. నలుగురూ ఓడిపోయారు. అదే సినిమాకి సహాయ నటుడి విభాగంలో జార్జ్ శాండర్స్ ఒక్కడే ఉన్నాడు. ఆయన గెలిచాడు. అకాడమీ ఓట్ల లెక్క బయటపెట్టదు కాబట్టి చీలిక వల్లే ఓడారని కాగితం చూపించి నిరూపించలేం. కానీ ఈ లెక్క చూశాక మరోలా అనుకోవడమూ కష్టమే.

దాంతో చాలామంది జూడీ హాలిడేది అదృష్టమని తేల్చేస్తారు. ఇద్దరు మహానటులు ఒకరినొకరు పడగొట్టుకుంటే మధ్యలో ఈమె కొట్టేసిందట. ఈ మాట అనేవాళ్లు 'బోర్న్ ఎస్టర్‌డే'లో పేకాట దృశ్యం ఒక్కటి చూడాలి. ఆమె వేసిన బిల్లీ డాన్ ఒక మోటు వ్యాపారి ఉంచుకున్న మనిషి. చదువు లేదు, లోకం తెలీదు, బుర్ర లేదని అందరి నమ్మకం. ఒక రాత్రి ఆ వ్యాపారీ ఆమే ఎదురెదురుగా కూర్చుని జిన్ రమ్మీ ఆడతారు. మాటలు దాదాపు లేవు. ఆమె ముక్కలు చేతిలోకి తీసుకుని చకచకా సర్దుతుంది. ఒకటి ఇక్కడ, రెండు అక్కడ. గొంతులోనే ఏదో పాట కూనిరాగం తీస్తుంటుంది. ఎదుటివాడికి ఒళ్లు మండిపోతుంటుంది. ఆమె పట్టించుకోదు. వాడు ఇంకా ఆలోచిస్తుండగానే ఆట ముగిస్తుంది. మళ్లీ మొదలు, మళ్లీ ఆమెదే గెలుపు. ఈ మనిషికి బుర్ర లేదన్నది ఎవడు అని మనం అనుకునేలోపే దృశ్యం అయిపోతుంది. పాత్ర గుట్టంతా పేకముక్కలు సర్దే ఆ వేళ్లలో ఉంది. అది అదృష్టం కాదు. 1946 నుంచి బ్రాడ్‌వే మీద ఏళ్ల తరబడి ఆ పాత్ర వేసీ వేసీ అరగదీసిన చేయి. అయినా కొలంబియా స్టూడియో అధిపతి హ్యారీ కోన్ ఆమెను సినిమాకి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. 'ఆడమ్స్ రిబ్' అనే సినిమాలో కాథరిన్ హెప్‌బర్న్ పక్కన ఆమె చేసింది చూశాకే ఆయన మెత్తబడ్డాడు.

అవార్డు వచ్చిన మరుసటి ఏడాదే, 1952లో, కమ్యూనిస్టుల వేట సాగుతున్న రోజుల్లో ఆమెను సెనేట్ ఉపసంఘం ముందుకు పిలిచారు. ఆమె బిల్లీ డాన్ లాగే ఏమీ తెలియని అమాయకురాలిలా జవాబులు చెప్పింది. ఎవరి పేరూ బయటపెట్టలేదు. బుర్ర తక్కువ మనిషిగా నటించడానికి ఎంత బుర్ర కావాలో అక్కడ రుజువైంది. 1965లో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. 44వ పుట్టినరోజుకి రెండు వారాలే ఉంది.

ఇన్ని చెప్పాక, నా ఓటు ఎవరికంటారా? గ్లోరియా స్వాన్సన్‌కి. జూడీ హాలిడేకి రావడం అన్యాయం అనను. కానీ ఆ మెట్లు దిగిన నడక ఒక జీవితం వెచ్చిస్తే గానీ రాదు. తర్వాత స్వాన్సన్ తన ఆత్మకథలో రాసుకుంది. ఓడిపోయానని తను గుండెలు బాదుకుంటుందని, పెద్ద గలాటా చేస్తుందని జనం ఎదురుచూశారట. తనలో నార్మా డెస్మండ్‌ను వెతికారట. ఆమె మాత్రం ఆ రాత్రి గెలిచిన అమ్మాయి పక్కనే కూర్చుంది.

అదే ఏడాది ఇతర అవార్డులు ఎవరికి వెళ్లాయో చూడండి. న్యూయార్క్ విమర్శకులు బెటీ డేవిస్‌ను ఉత్తమ నటి అన్నారు. 1951 కాన్ చిత్రోత్సవంలోనూ ఆమెకే వచ్చింది. గోల్డెన్ గ్లోబ్ వాళ్లు నటన అవార్డుల్ని గంభీరమైన సినిమాలకొకటి, హాస్య, సంగీత సినిమాలకొకటి అని ఆ ఏడే విడదీశారు. మొదటిది స్వాన్సన్‌కి, రెండోది హాలిడేకి ఇచ్చారు. అంటే తూకం రాళ్లు మారితే విజేత మారింది. వాళ్ల నటన మాత్రం అదే నటన, గింజంత కూడా మారలేదు.

ఆడవాళ్ల మధ్య పోటీ అనగానే మన పత్రికలకీ, వాళ్ల పత్రికలకీ జుట్టూ జుట్టూ పట్టుకునే తగాదానే గుర్తొస్తుంది. 1942లో ఒకే బల్ల దగ్గర కూర్చున్న అక్కచెల్లెళ్లు ఒలీవియా డి హావిలాండ్, జోన్ ఫాంటేన్ ఇద్దరూ పోటీలో ఉంటే, చెల్లెలు జోన్‌కి వచ్చింది. ఆ తర్వాత డెబ్భై ఏళ్లపాటు వాళ్ల పలకరింపులు, అలకలే వార్తలయ్యాయి. అక్కకి ఆ తర్వాత రెండుసార్లు ఉత్తమ నటి ఆస్కార్ వచ్చిన సంగతి ఎందరికి గుర్తుంది? ఒక కడుపున పుట్టిన ఇద్దరు ఆ ఎత్తుకి ఎదగడం ఎంత అపురూపం! ఆ మాట వదిలి అలకల్ని పట్టుకున్నారు. 1969లో అయితే కాథరిన్ హెప్‌బర్న్‌కీ బార్బ్రా స్ట్రైశాండ్‌కీ ఓట్లు సరిసమానంగా వచ్చాయి. కవరు విప్పిన ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ ఆశ్చర్యంతో ఆ సంగతి ప్రకటించింది. ఇద్దరికీ ఇచ్చారు. ఆకాశమేమీ విరిగిపడలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం.

జాతీయ చలనచిత్ర అవార్డుల్లో నటికి అవార్డు 1967 సంవత్సరపు సినిమాలతో మొదలైంది. మొదటి విజేత నర్గిస్. తొలినాళ్లలో దానికి 'ఊర్వశి' అని పేరు. మన తెనాలి అమ్మాయి శారదను ఊర్వశి శారద అని పిలుచుకుంటున్నది అందుకే. రెండుసార్లు మలయాళ సినిమాలకు, మూడోసారి బి.ఎస్. నారాయణ తీసిన మన తెలుగు 'నిమజ్జనం'కి ఆమె ఆ గౌరవం అందుకుంది. 1988కి బి. నరసింగరావు 'దాసి'కి అర్చన, 1990కి 'కర్తవ్యం'తో విజయశాంతి, 2018కి 'మహానటి'తో కీర్తి సురేశ్.

'దాసి'లో అర్చనకి మాటలు చాలా తక్కువ. నిజాం కాలపు తెలంగాణ గడీలో దొర ఇంట్లో పనిమనిషి ఆమె. తిట్టినా కొట్టినా, ఒళ్లు అడిగినా, కడుపు తీయించుకోమన్నా ఎదురు చెప్పడానికి నోరు లేని బతుకు. ఆ నోరులేనితనాన్ని వంగిన వీపుతో, నేలను విడవని చూపుతో నటించింది. 'కర్తవ్యం'లో విజయశాంతి సరిగ్గా దానికి తలకిందులు. ఖాకీ యూనిఫాం, గర్జించే గొంతు, తల ఎత్తిన నడక. తెలుగు నాయిక సినిమా మొత్తాన్ని ఒంటి భుజం మీద మోయగలదని హాళ్ల దగ్గర క్యూలే సాక్ష్యం చెప్పాయి. రెండేళ్ల తేడాతో వచ్చాయి కాబట్టి ఇద్దరికీ వచ్చింది. ఒకే ఏడాది వచ్చి ఉంటే? తల దించిన దాసి గొప్పా, తల ఎత్తిన పోలీసు అధికారి గొప్పా? ఏ జడ్జి అయినా ఏ త్రాసులో తూస్తాడు?

తూయలేకపోయినా ఎవరినో ఒకరిని ఎంచాల్సిందే. అందులో నాకు ఫిర్యాదు లేదు. నా బాధ వేరు. ఆస్కార్‌లో 1951లో ఓడిన నలుగురి పేర్లు ఇవాళ నేను మీకు గడగడా చెప్పగలిగాను. డెబ్భై ఏళ్లు దాటినా ఆ ఐదు పేర్లు జాబితాగా ఉన్నాయి కాబట్టే ఎలినార్ పార్కర్ సినిమా వెతుక్కుని చూశాను. మరి 'దాసి' ఏడాది ఢిల్లీలో జ్యూరీ గదిలో అర్చన పేరుతో పాటు చివరిదాకా నిలిచిన పేర్లెవరివి? ఆ పేర్లు ప్రకటించే పద్ధతే జాతీయ అవార్డుల్లో లేదు. మన నంది అవార్డుల్లోనూ గెలిచినవాళ్ల పేర్లే చదివేవారు. గెలుపు రాసిపెట్టారు. పోటీని రాసిపెట్టలేదు. అంతదాకా వచ్చి ఆగిపోయిన నటి పని ఆ గదిలోనే ఉండిపోయింది.

సావిత్రి సంగతే చూడండి. 'దేవదాసు', 'మిస్సమ్మ', 'మాయాబజార్' వచ్చిన రోజుల్లో నటికి జాతీయ అవార్డే లేదు. పోటీయే లేనిచోట పోటీపడే అవకాశం ఎక్కడిది? ఆఖరికి ఆమె జీవితాన్ని నటించిన కీర్తి సురేశ్‌కి ఆ అవార్డు వచ్చింది. 'మాయాబజార్'లో ఘటోత్కచుడే శశిరేఖ వేషంలో వచ్చినప్పుడు సావిత్రి ఆడపిల్ల ఒంట్లో మగరాక్షసుణ్ణి ఎలా చూపించిందో గుర్తుందా? ఆ భుజాల విరుపు, ఆ మీసం లేని మీసం మెలేసే చేయి. 1957లో దేశంలో ఇంకెవరి నటన దాని పక్కన నిలిచేదో చూసుకునే భాగ్యం మనకి దక్కలేదు.

ఐదు పేర్లు ప్రకటించాలంటే ముందు ఐదు పాత్రలు ఉండాలన్నది నిజం. మనకి ఏడాదికి వందకు పైగా సినిమాలొస్తాయి. వాటిలో ఎన్నింట్లో నాయికకి రెండు పాటలు, నాలుగు సీన్లు కాకుండా ఒక బతుకు ఉంటుంది? 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డులు ఇచ్చినప్పుడు '35 చిన్న కథ కాదు' సినిమాకి నివేదా థామస్‌ని ఉత్తమ నటిగా ఎంచారు. లెక్కలు రాని కొడుక్కి చదువు చెప్పడానికి, తనే పదో తరగతి తప్పిన తిరుపతి ఇల్లాలు మళ్లీ పుస్తకం పట్టిన కథ. అలాంటి పాత్ర వచ్చింది కాబట్టి అవార్డూ వచ్చింది. ఆ పక్కన ఇంకో నాలుగు పేర్లు కూడా చదివి ఉంటే, వచ్చే ఏడాది కథ రాసుకునేవాడికి, డబ్బు పెట్టేవాడికి ఎక్కడ మంచి పాత్రలున్నాయో, ఎక్కడ లేవో కళ్లకు కట్టేది. నాలుగు పేర్లు దొరక్కపోతే ఆ ఖాళీ కూడా అందరికీ కనిపించేది.

అందుకే నా విన్నపం. ఢిల్లీలో కూర్చునే జ్యూరీలకీ, హైదరాబాద్‌లోనూ అమరావతిలోనూ అవార్డులు ఇచ్చే ప్రభుత్వాలకీ చేతులెత్తి అడుగుతున్నాను. ఉత్తమ నటిని ప్రకటించే ముందు పోటీలో నిలిచిన ఐదుగురి పేర్లూ ప్రకటించండి, సినిమాల పేర్లతో సహా. వాటిని కాగితం మీద రాసి భద్రపరచండి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

శ్రోతలు కూడా ఈ పని చేయవచ్చు. ఈ ఏడాది మీరు చూసిన తెలుగు సినిమాల్లో మీ మనసులో నిలిచిన ఐదుగురు నటీమణుల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేరు పక్కనా ఆమె ఏ దృశ్యంలో మిమ్మల్ని కట్టిపడేసిందో ఒక్క వాక్యం రాయండి. ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి.